దూడ బతకాలంటే: ఈనిన గంట నుంచి అంగడి దాకా జబ్బుల నివారణ, చికిత్స

"అన్నా, దూడ పారుతున్నది, ఏ గోలీ వేయాలె?" ఈ వానాకాలంలో నాకు వచ్చిన ఫోన్లలో సగం ఇవే. నేను తిరిగి మూడు ప్రశ్నలు అడుగుతాను. వయసెన్ని రోజులు? జ్వరం ఎంత? పెండ ఏ రంగులో ఉంది? చాలామంది దగ్గర జవాబు ఉండదు. జవాబు లేనప్పుడు నేను చెప్పే గోలీ చీకట్లో విసిరిన రాయే.

అందుకే ఈ మార్గదర్శి రాస్తున్నాను. పరకాల వైపు బర్రెలు పెట్టుకుని, మగ దూడలను పారేయకుండా మాంసం కోసం పెంచుతున్న రైతుగా రాస్తున్నాను. నేను డాక్టర్‌ని కాను. ఇంజక్షన్ల దగ్గరికి వచ్చేసరికి ప్రతిచోటా "డాక్టర్‌ని పిలవండి" అనే ఉంటుంది. డాక్టర్ రాకముందు, వచ్చి వెళ్లాక మన చేతిలో ఏముందో అదంతా ఇక్కడ ఉంది. బర్రె దూడలకు రాసినా, ఆవు దూడలకూ చాలావరకు ఇదే పద్ధతి.

1. ముందుగా కొట్టంలో ఉండాల్సినవి

రాత్రి రెండింటికి దూడ పడిపోతే మెడికల్ షాపు తెరిచి ఉండదు. ఒక డబ్బాలో ఇవి పెట్టి, కుక్కలకు, పిల్లలకు అందకుండా కొట్టంలోనే వేలాడదీయండి:

- డిజిటల్ థర్మామీటర్. పశువులకే ప్రత్యేకం, ఇంట్లోది వాడొద్దు
- దర్జీ వాడే కొలత టేపు
- టింక్చర్ అయోడిన్ సీసా, వెడల్పు మూతి చిన్న డబ్బా
- కొత్త బ్లేడు, ఉడకబెట్టిన నూలు దారం
- లీటరు నీళ్లకు సరిపోయే ఓఆర్ఎస్ ప్యాకెట్లు 10, గ్లూకోజ్ పొడి
- వంట సోడా, ఉప్పు, అర లీటరు పల్లి నూనె
- పొటాషియం పర్మాంగనేట్, టర్పెంటైన్ నూనె, వేప నూనె
- రబ్బరు చన్ను ఉన్న పాల సీసా
- టార్చి, నోటుబుక్, పెన్ను

నోటుబుక్ చూసి నవ్వకండి. ఏ దూడకు ఏ రోజు ఏ మందు పడిందో రాయకపోతే, రెండో మనిషి వచ్చి అదే మందు మళ్లీ వేస్తాడు. మా ఇంట్లో ఒకసారి జరిగింది.

డబ్బా మూత లోపల రెండు నంబర్లు రాసి అంటించండి. ఒకటి మీ పశువైద్యశాల డాక్టర్‌ది. రెండోది 1962. ఈ టోల్ ఫ్రీ నంబరుకు ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం మీ ఊరిదాకా వస్తుంది. స్థానికంగా తేలని కేసులుంటే వరంగల్ వాళ్లకు మామునూరులో, జగిత్యాల వైపు వాళ్లకు కోరుట్లలో పశువైద్య కళాశాలలు ఉన్నాయి.

2. మూడు కొలతలు నేర్చుకోండి

జ్వరం. థర్మామీటర్ కొసకు నూనె రాసి, పురీషనాళంలో రెండు అంగుళాలు పెట్టి, పక్క గోడకు ఆనేలా కాస్త వంచి పట్టుకోండి. పెండ ముద్ద మధ్యలో గుచ్చితే తక్కువ చూపిస్తుంది. దూడకు 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్ మామూలు. మే నెల మధ్యాహ్నం ఒక డిగ్రీ ఎక్కువ చూపించవచ్చు, అప్పుడు నీడలో కట్టి గంట తర్వాత మళ్లీ చూడండి. 104 దాటితే డాక్టర్‌కు ఫోన్. 100 కన్నా తగ్గి దూడ వాలిపోయి ఉంటే అది జ్వరం కన్నా ప్రమాదం, వెంటనే వెచ్చబెట్టాలి.

శ్వాస. పడుకుని ఉన్న దూడ డొక్క ఎగసిపడటం నిమిషం పాటు లెక్కబెట్టండి. 20 నుంచి 40 మధ్య పర్వాలేదు. నీడలో, విశ్రాంతిగా ఉండి కూడా 50 దాటితే ఊపిరితిత్తుల మీద అనుమానం పెట్టుకోవాలి.

బరువు. ముందు కాళ్ల వెనక ఛాతీ చుట్టూ టేపు వేసి అంగుళాల్లో కొలవండి. తర్వాత భుజం కొస నుంచి తోక పక్కన ఉండే తుంటి ఎముక కొస దాకా పొడవు కొలవండి. చుట్టుకొలతను చుట్టుకొలతతోనే గుణించి, దాన్ని పొడవుతో గుణించి, 660తో భాగించండి. వచ్చేది సుమారుగా కిలోలు. చుట్టు 30, పొడవు 24 అంగుళాలైతే 33 కిలోల దూడ అన్నమాట.

ఈ లెక్క ఎందుకంటే, ఏలికపాముల మందు మొదలుకొని ప్రతిదీ బరువు మీదే. కంటి అంచనాతో మనం ఎప్పుడూ తక్కువే వేస్తాం. తక్కువ వేస్తే పురుగు చావదు, పైగా మందుకు అలవాటు పడుతుంది.

3. ఈనిన మొదటి రెండు గంటలు

దూడల చావుల్లో నేను చూసినవి చాలావరకు ఇక్కడ జరిగిన తప్పులవే. చావు మాత్రం పది, ఇరవై రోజుల తర్వాత వస్తుంది కాబట్టి ఎవరూ దీనితో ముడిపెట్టరు. ఈ వరుస తప్పకండి:

మొదట ముక్కు, నోరు. వేలికి శుభ్రమైన గుడ్డ చుట్టి జిగురు తీసేయండి. ఊపిరి అందకపోతే గడ్డిపోచతో ముక్కులో కదిలించండి, ఛాతీని గోనెసంచితో గట్టిగా రుద్దండి.

తర్వాత తల్లిని నాకనివ్వండి. నాకకపోతే దూడ వీపు మీద కాస్త తవుడు, ఉప్పు చల్లండి. నాకుడుతో ఒళ్లు ఆరడమే కాదు, రక్తం కూడా ఆడుతుంది.

ఆ తర్వాత బొడ్డు. పొట్టకు రెండు అంగుళాల కింద దారంతో కట్టి, ముడికి అర అంగుళం కింద కొత్త బ్లేడుతో కోయండి. డబ్బాలో టింక్చర్ అయోడిన్ పోసి, బొడ్డు మొత్తం మునిగేలా అర నిమిషం పట్టుకోండి. పైపైన దూదితో అద్దితే సరిపోదు. రోజుకు రెండుసార్లు, నాలుగు రోజులు ఇలాగే ముంచాలి.

బొడ్డుకు బూడిద, పెండ, పసుపు పెట్టే అలవాటు ఇంకా పోలేదు. పెండలో ధనుర్వాతం క్రిములు ఉంటాయి. దాన్ని పచ్చి గాయంలో పెట్టడం మనమే జబ్బును ఎక్కించడం.

ఇక జున్నుపాలు. గంటలోపు మొదలుపెట్టండి, రెండు గంటలు దాటనివ్వకండి. దూడ బరువులో పదో వంతు మొదటి రోజు పడాలి. 30 కిలోల దూడకు 3 లీటర్లు: సగం మొదటి రెండు గంటల్లో, మిగతాది 12 గంటలు నిండేలోపు. తల్లి నుంచి రోగాన్ని ఆపే శక్తి కడుపులో ఉన్నప్పుడు దూడకు అందదు, ఈ పాల నుంచే అందుతుంది. ఆ శక్తిని పీల్చుకునే గుణం దూడ పేగులకు గంటగంటకూ తగ్గుతూ, రోజు గడిచేసరికి మూసుకుపోతుంది.

మా వైపు అతి పెద్ద తప్పు, మాయ పడేదాకా దూడను పొదుగు దగ్గరికి రానివ్వకపోవడం. ముందే తాగితే మాయ పడదని నమ్మకం. నిజం దీనికి తలకిందులు. దూడ చీకితే తల్లి గర్భసంచి ముడుచుకుంటుంది, మాయ పడటానికి అదే సాయం. ఆరు గంటలు మాయ కోసం చూస్తూ కూర్చుంటే, తిరిగిరాని ఆరు గంటలు దూడకు పోయినట్టే.

రెండో తప్పు మొహమాటం. బర్రె ఈనిందని తెలియగానే పక్కింటివాళ్లు గిన్నె పట్టుకొస్తారు. జున్ను ఎవరికి చేదు? మొదటి రోజు పాలు మాత్రం దూడవి. రెండో రోజు సాయంత్రం పాలతో కూడా జున్ను బాగానే వస్తుంది, అప్పుడు పోయండి.

తల్లి చనిపోయినా, పాలు రాకపోయినా ఊళ్లో అదే రోజు ఈనిన ఇంకో బర్రె జున్నుపాలు పట్టండి. ఫ్రీజర్‌లో దాచినవి ఉంటే సీసాను గోరువెచ్చని నీళ్లలో పెట్టి కరిగించండి. పొయ్యి మీద పెడితే గడ్డకట్టి జున్ను అవుతుంది.

మొదటి రోజు చెక్‌లిస్టు:

- రెండు గంటల్లోపు దూడ లేచి నిలబడిందా?
- 12 గంటల్లోపు దాని వాటా జున్నుపాలు పడ్డాయా?
- బొడ్డు రెండుసార్లు ముంచామా?
- నల్లని జిగట తొలి పెండ పడిందా?
- పడుకున్న చోట పొడిగా ఉందా?

చివరిదానికి ఒక పరీక్ష ఉంది. దూడ పడుకునే చోట మీరు మోకాళ్ల మీద ఇరవై లెక్కబెట్టేదాకా కూర్చోండి. లుంగీ తడిసిందంటే దూడ పక్క తడి. కొత్త గడ్డి వేయండి.

4. పదో రోజు: ఏలికపాముల మందు

బర్రె దూడలకు ఇది తప్పనిసరి. పెద్ద ఏలికపాము పిల్లలు తల్లి పాల ద్వారానే దూడలోకి వస్తాయి, కాబట్టి కొట్టం ఎంత శుభ్రంగా ఉన్నా తప్పించుకోలేం. ఆలస్యమైతే పురుగులు పెరిగి ఉండలు కడతాయి. అప్పుడు మందు వేస్తే చచ్చిన పురుగులే పేగుకు అడ్డం పడే ప్రమాదం ఉంది.

పదో రోజున మొదటి మోతాదు. తర్వాత నెలకోసారి, ఆరు నెలలు నిండేదాకా. ఆ పైన మూడు నెలలకోసారి, పెండ పరీక్ష చేయించి.

ఏ మందు అన్నది డాక్టర్‌ని అడగండి. పైపరజీన్, ఆల్బెండజోల్, ఫెన్‌బెండజోల్ ఎక్కువగా వాడేవి. సీసా మీద శాతం చదవడం మాత్రం మీ పని. ఆల్బెండజోల్ 2.5 శాతం ద్రావణం అంటే మిల్లీలీటరుకు 25 మిల్లీగ్రాములు. కిలో బరువుకు 7.5 మిల్లీగ్రాములు వేయమంటే 33 కిలోల దూడకు దాదాపు 10 మిల్లీలీటర్లు. అదే మందు 10 శాతం సీసాలో ఉంటే 2.5 మిల్లీలీటర్లే. "మొన్న మూత నిండా పోసిన" అనే లెక్క ఇక్కడ పనికిరాదు.

5. మందు తాపే పద్ధతి

దీనికి వేరే శీర్షిక ఎందుకంటే, నా చేతులతో ఒక దూడను ఇలాగే పోగొట్టుకున్నాను. కడుపునొప్పికి కషాయం కాచి, వెదురు గొట్టంతో, పడుకున్న దూడ తల పైకెత్తి పోశాను. దగ్గింది. దగ్గినా పోశాను. మూడో రోజు ముక్కు వెంట కంపు కొట్టే చీము, నాలుగో రోజు దూడ లేదు. కషాయం ఊపిరితిత్తుల్లోకి పోయిందని డాక్టర్ చెప్పాక గానీ నాకు తెలియలేదు.

- దూడ నిలబడి ఉండాలి, లేదా రొమ్ము మీద కూర్చుని ఉండాలి. పక్కకు వాలి ఉంటే ఏదీ తాపొద్దు.
- ముట్టె కంటి ఎత్తుకు మించి లేపొద్దు.
- నాలుక బయటికి లాగి పట్టుకోవద్దు. నాలుక ఆడితేనే మింగగలదు.
- నోటి పక్క సందు నుంచి, కొద్దికొద్దిగా, మింగింది చూసి మళ్లీ పోయాలి.
- దగ్గితే వెంటనే తల వదిలేయండి.
- చీకే శక్తి లేని దూడకు నోటితో ఏమీ వద్దు. దానికి సెలైన్ ఎక్కించాల్సిందే.

6. పారుడు: పెండ చూసి తేల్చుకోవడం

పారుడు ఒక్క జబ్బు కాదు. వయసు, రంగు కలిపి చూడాలి.

మొదటి పది రోజుల్లో తెల్లగా లేదా పసుపుగా నీళ్లలాగా పారితే, అది తెల్లపారుడు. క్రిములు, వైరస్‌లు కారణం, చాలాసార్లు జున్నుపాలు తక్కువ పడినందువల్ల. అన్నిటికన్నా వేగంగా చంపేది ఇదే.

రెండో వారం నుంచి రెండు నెలల మధ్య బూడిద రంగు మట్టిలా, జిగటగా, ఘాటు వాసనతో పెండ, ఉబ్బిన పొట్ట, గరుకు వెంట్రుకలు. ఏలికపాములు.

మూడు వారాలు దాటాక నెత్తురు, జిగురు కలిసి, తోకెత్తి ముక్కుతూ పారితే అది కాక్సిడియా అనే పేగు క్రిమి వల్ల వచ్చే రక్తపారుడు. దీనికి ఏలికపాముల మందు పని చేయదు, వేరే మందు. పెండను డబ్బాలో పట్టుకుని ఆస్పత్రికి తీసుకెళ్లండి.

జ్వరం లేకుండా, హుషారుగా ఉండి, పెండ మాత్రం పలుచన. ఎక్కువ పాలు ఒకేసారి తాగి ఉంటుంది. ఒక పూట పాలు సగం చేసి చూడండి.

కారణం ఏదైనా, దూడను చంపేది ఎక్కువగా నీళ్లు, లవణాలు పోవడమే. కాబట్టి మందు గురించి ఆలోచించే ముందు ఈ వరుస:

మెడ చర్మం రెండు వేళ్లతో పట్టి లాగి వదలండి. వెంటనే సర్దుకుంటే ఇంకా పర్వాలేదు. రెండు మూడు సెకన్లు ముడతలా నిలిస్తే నీళ్లు బాగా పోయాయి. కళ్లు గుంటలు పడి, నోట్లో వేలు పెడితే చల్లగా ఉండి, చీకకపోతే ఇంటి వైద్యం ఆపి 1962కి ఫోన్ చేయండి.

నీళ్లు పట్టండి. లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఒక ఓఆర్ఎస్ ప్యాకెట్. అది లేకపోతే తలకొట్టిన చిన్న చెంచా ఉప్పు, అర చెంచా వంట సోడా, 30 గ్రాముల గ్లూకోజ్ పొడి. 30-40 కిలోల దూడకు పూటకు లీటరు నుంచి లీటరున్నర, రోజుకు మూడుసార్లు.

గ్లూకోజ్ బదులు చక్కెర వేయొద్దు. మనుషుల పిల్లలకు పనికొచ్చే చక్కెర నీళ్లు పాలు తాగే దూడకు పనికిరావు. చక్కెరను అరిగించుకునే శక్తి దాని పేగులకు లేదు. పారుడు ఇంకా పెరుగుతుంది.

పాలు పూర్తిగా మాన్పించొద్దు. ఒకప్పుడు అందరం అదే చేసేవాళ్లం. తిండి లేక దూడ ఇంకా నీరసిస్తుంది. పాలు కొద్దికొద్దిగా ఎక్కువసార్లు ఇవ్వండి, పాలకూ ఓఆర్ఎస్‌కూ మధ్య రెండు గంటల తేడా ఉంచండి. రెండూ కలిపి పోస్తే పాలు కడుపులో సరిగా విరగవు.

జ్వరం, నెత్తురు, చీకకపోవడం, వీటిలో ఏది ఉన్నా డాక్టర్. ఏదీ లేకుండా 24 గంటల్లో తగ్గకపోయినా డాక్టరే.

పారే దూడను వేరుగా కట్టండి. ముందు మంచి దూడలకు పాలు పట్టి, చివర దీనికి పట్టండి. చేతులు సబ్బుతో కడుక్కోండి, ఈ పారుళ్లలో కొన్ని మనకూ అంటుతాయి.

7. బొడ్డువాపు, దగ్గు

వారం నుంచి మూడు వారాల మధ్య రోజూ బొడ్డు పట్టి చూడండి. బొటనవేలి కన్నా లావుగా, వేడిగా, ముట్టుకుంటే దూడ తన్నేలా ఉంటే బొడ్డులో చీము. వదిలేస్తే కీళ్లకు పాకి మోకాళ్లు వాస్తాయి, అప్పుడు ఆ దూడ పెరగదు. చీము పిండకండి. డాక్టర్ రాసిన కోర్సు ఐదు రోజులంటే ఐదు రోజులూ వేయించండి. రెండో రోజుకే లేచి గంతులేస్తుంది, అక్కడే అందరూ ఆపేస్తారు.

పురుగులు పడితే టర్పెంటైన్‌లో తడిపిన దూదిని పుండు మీద పెట్టి, పైకి వచ్చిన పురుగులను చిమటాతో తీసి, వేప నూనె రాయండి.

దగ్గు, ముక్కు కారడం ముసురు రోజుల్లో, డిసెంబరు, జనవరి చలిలో ఎక్కువ. చలికి భయపడి కొట్టాన్ని నాలుగు వైపులా పట్టాలతో మూసి, లోపల దోమలకు పొగ పెడతాం. మూత్రం ఘాటు, పొగ కలిసి దూడ ఊపిరితిత్తులను పాడు చేస్తాయి. మీరు లోపల కూర్చుంటే కళ్లు మండితే దూడకూ మండుతున్నట్టే. దూడ ఎత్తు వరకే గాలి అడ్డుకుని, పైన రెండడుగులు తెరిచి ఉంచండి. దూడకు గోనెసంచి కప్పండి.

8. టీకాలు: మృగశిర కంటే ముందే

టీకా పడిన రెండు మూడు వారాలకు గానీ శక్తి రాదు. ఊళ్లో జబ్బు మొదలయ్యాక పరుగెత్తితే ఆలస్యం. రోహిణి కార్తెలోనే వానాకాలం టీకాలు పూర్తి కావాలి.

- గాలికుంటు: నాలుగు నెలలకు, నెల తర్వాత బూస్టర్, ఆపై ఆరు నెలలకోసారి
- గొంతువాపు (గురక), జబ్బవాపు: ఆరు నెలలకు, ఆపై ఏటా వానల ముందు
- బ్రూసెల్లా (చూలు పోయే జబ్బు): నాలుగు నుంచి ఎనిమిది నెలల ఆడ దూడలకే, జీవితంలో ఒకసారి. మగ వాటికి వేయరు
- లంపీ చర్మవ్యాధి: డాక్టర్ చెప్పిన ప్రకారం ఏటా
- థైలేరియా (గోమార్లు, అంటే పిడుదులు, అంటించే జ్వరం): సంకరజాతి ఆవు దూడలకు మూడు నెలలు దాటాక

గాలికుంటు, బ్రూసెల్లా టీకాలు 2019లో మొదలైన జాతీయ పథకం కింద ఉచితం. చెవికి 12 అంకెల పోగు వేసి నమోదు చేస్తారు. పోగు చూసి చెవి చిరుగుతుందని దాక్కునేవాళ్లున్నారు. పోగు పడ్డ చోట నాలుగు రోజులు వేప నూనె రాస్తే ఏమీ కాదు.

టీకాకు రెండు వారాల ముందు ఏలికపాముల మందు వేయండి. టీకా సీసా ఐసు డబ్బాలోంచి తీస్తున్నారా లేదా అని మొహమాటం లేకుండా చూడండి. వేసిన చోట చిన్న గడ్డ, ఒకటి రెండు రోజులు కాస్త జ్వరం మామూలే.

9. గంటల్లో చంపే జబ్బులు

వీటిలో ఇంటి వైద్యంతో గడిపే ప్రతి గంటా నష్టమే. గుర్తుపట్టడం, ఫోన్ చేయడం, డాక్టర్ వచ్చేలోగా చేయాల్సినది, అంతే మన పని.

గురకవ్యాధి. బర్రెల్లో, తొలకరి తర్వాత. 105 దాటిన జ్వరం, గొంతు కింద వాపు, గురక, చొల్లు. ఒక్క రోజులోనే పోతుంది. వాపు మీద సురకలు పెట్టడంతో పూట గడిచిపోతుంది, మొదటి కొన్ని గంటల్లో ఇంజక్షన్ పడితేనే ఆశ.

జబ్బవాపు. ఆరు నెలల నుంచి మూడేళ్ల లోపు, బాగా బలిసినవాటికే వస్తుంది. మాంసం కోసం పెంచేవాళ్లకు అందుకే ఎక్కువ నష్టం. ఉన్నట్టుండి కుంటు, తొడ లేదా జబ్బ దగ్గర వాపు, నొక్కితే కరకర శబ్దం.

మక్కలు, అన్నం ఎక్కువ తినడం. కల్లంలో ఆరబోసిన మక్కల మీద పడ్డా, పెళ్లింటి నుంచి తెచ్చిన అన్నం గంపెడు పెట్టినా ఒకటే. కడుపు పులిసి, నెమరు ఆగి, మర్నాటికి పడిపోతుంది. ఎంత తిన్నదో చూసి, ఇంకా బాగానే ఉన్నప్పుడే ఫోన్ చేయండి. వరిగడ్డి మాత్రమే వేయండి. వంట సోడా ఎంత ఇవ్వాలో బరువు చెప్పి ఫోన్‌లో అడగండి.

కడుపుబ్బరం. ఎడమ డొక్క డోలులా ఉబ్బుతుంది. ముందు కాళ్లు గట్టు మీద ఉండేలా నిలబెట్టి, నోట్లో వేపకర్ర అడ్డంగా పెట్టి కట్టండి. పెద్ద పశువుకు పావు లీటరు పల్లి నూనె, దూడకు 50 నుంచి 100 మిల్లీలీటర్లు, నిలబడి ఉంటేనే. డొక్కలో పొడవడం డాక్టర్ పని.

లేత జొన్న. నీళ్లు లేక వాడిన పైరు, కోశాక వచ్చిన పిలకలు విషం. మేసిన నిమిషాల్లో రొప్పుతూ పడిపోతుంది, చిగుళ్లు ఎర్రగా ఉంటాయి. విరుగుడు ఇంజక్షన్ ఉంది, సమయమే ఉండదు. పూత రాని జొన్నలోకి తోలకండి.

పత్తి మందు. పురుగుమందు కలిపిన డ్రమ్ములో నీళ్లు తాగడం, కొట్టిన చేను గట్టున మేయడం. చొల్లు కారి, వణుకుతుంది. మందు డబ్బా మీద పేరు ఫోటో తీసి డాక్టర్‌కు పంపండి, విరుగుడు దాన్ని బట్టే.

ఉన్నట్టుండి చచ్చి, ముక్కు, వెనక నుంచి నల్లని నెత్తురు కారుతుంటే దొమ్మ (ఆంత్రాక్స్) అయి ఉండవచ్చు. చర్మం తీయొద్దు, కోయొద్దు, మాంసం పంచుకోవద్దు. మనిషికీ సోకే జబ్బు అది. డాక్టర్‌కు చెప్పి, ఆరడుగుల గోతిలో సున్నం చల్లి పూడ్చండి.

10. గాలికుంటు, లంపీ, గోమార్లు

గాలికుంటు వచ్చిన తల్లి పాలు దూడను చీకనివ్వొద్దు. పెద్దది నోటిపుండ్లతో బతికి బయటపడుతుంది, దూడకు గుండె మీద కొట్టి నిలబడ్డచోటే పడిపోతుంది. దూడను వేరు చేసి, పాలు కాచి చల్లార్చి పట్టండి. పెద్దదాని నోరు, గిట్టలు లేత గులాబీ రంగు పర్మాంగనేట్ నీళ్లతో కడిగి, గిట్టలకు వేప నూనె రాయండి. మెత్తని జావ పెట్టండి.

లంపీలో ఒళ్లంతా గడ్డలు, జ్వరం. ఈగలు, దోమలు, గోమార్లు మోసుకొస్తాయి. విడిగా కట్టడం, పుండ్లు కడగడం, జ్వరానికి డాక్టర్ మందు. ఎక్కువ భాగం కోలుకుంటాయి, దూడల్లోనే నష్టం ఎక్కువ.

గోమార్ల మందు కొట్టేటప్పుడు చేసే తప్పు, పశువుకు కొట్టి గోడను వదిలేయడం. గోమార్లు గుడ్లు పెట్టేది గోడ పగుళ్లలో, గాడి కింద. అదే రోజు అక్కడా కొట్టండి, రెండు వారాలకు మళ్లీ కొట్టండి. కొట్టే ముందు నీళ్లు తాగించండి, లేకపోతే దాహంతో మందు పడ్డ ఒళ్లు నాక్కుంటాయి. మూడు నెలల లోపు దూడలకు మందు కొట్టకండి, చేత్తో ఏరండి. సంకరజాతి దూడకు గోమార్లుండి, 104 పైన జ్వరం, భుజం ముందు గడ్డ ఉబ్బితే థైలేరియా పరీక్ష చేయించండి. కాఫీ రంగు మూత్రం పోస్తే అది ఇంకో గోమార్ల జబ్బు, ఆ రోజే డాక్టర్.

11. అంగడి నుంచి కొత్త దూడ వస్తే

మూడు వారాలు మందలో కలపొద్దు. ఇంటికి దూరంగా, వేరే బకెట్టు, వేరే పలుపు. దిగిన రోజు నీళ్లు, వరిగడ్డి మాత్రమే, దాణా మూడో రోజు నుంచి కొద్దికొద్దిగా. లారీలో వచ్చిన దూడకు మొదటి రెండు వారాల్లో దగ్గు, జ్వరం ఎక్కువ, పొద్దున సాయంత్రం థర్మామీటర్ పెట్టండి. ఏలికపాముల మందు నాలుగో రోజు, టీకాలు కుదుటపడ్డాక.

కొనేటప్పుడే చూడాల్సినవి: తోక కింద పెండ అంటి ఆరి ఉందా, ముట్టె తడిగా ఉందా, బొడ్డు గట్టిగా ఉందా, నడిపిస్తే కుంటుతోందా. ధర తక్కువని నీరసించిన దూడను తెస్తే దాంతోపాటు జబ్బు ఉచితం.

12. అమ్మే ముందు నోటుబుక్ తెరవండి

మందు వేసిన పశువు మాంసంలో ఆ మందు కొన్నాళ్లు ఉంటుంది. ఎన్ని రోజులో సీసా మీద రాసి ఉంటుంది. ఎక్కువ రోజులు పనిచేసే ఆక్సీటెట్రాసైక్లిన్‌కు దాదాపు 28 రోజులు, ఐవర్‌మెక్టిన్ ఇంజక్షన్‌కు దాదాపు 35 రోజులు. అన్ని రోజులు గడవకుండా కోతకు అమ్మకండి.

నొప్పి, జ్వరం మందుల్లో డైక్లోఫెనాక్‌ను పశువులకు 2006లోనే నిషేధించారు, ఏసిక్లోఫెనాక్, కీటోప్రోఫెన్‌ను 2023లో. ఇవి పడిన కళేబరం తిన్న రాబందులు మూత్రపిండాలు పాడై చస్తాయి. ఆసిఫాబాద్ జిల్లా బెజ్జూరు అడవిలో పాలరాపు గుట్ట మీద రాబందులు గూళ్లు పెట్టినచోటు మనకు ఎంతో దూరం కాదు. షాపులో మనుషుల డైక్లోఫెనాక్ ఇంజక్షన్ చేతిలో పెడితే వద్దని, మెలాక్సికామ్ అడగండి.

నోటుబుక్‌లో ఒక్కో దూడకు ఒక్కో పేజీ. పుట్టిన తేదీ, బరువు, మందు పేరు, ఎన్ని మిల్లీలీటర్లు, వేసిన తేదీ, అమ్మదగ్గ తేదీ. ఆఖరి గడిని మందు వేసిన రోజే నింపండి.